ఎత్తిన బరువు, లెక్కకెక్కిన బరువు

మొన్న సంక్రాంతికి మా ఊరు వెళ్లినప్పుడు జరిగిన ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను. మా ఊరు నెల్లిమర్ల దగ్గర, చంపావతి ఒడ్డున. అన్నయ్య కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. వాడికి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అంటే పిచ్చి. సెల్‌ఫోన్‌లో ఏవో పాత మ్యాచ్‌లు చూస్తూ, "అత్తా, ఈయన్ని చూడు, అలన్ షియరర్. ఎంత ఫిజికల్ ప్లేయరో!" అన్నాడు. ఫిజికల్ అంటే ఏమిట్రా అన్నాను. "అంటే ఒళ్లు పెట్టి ఆడతాడు. డిఫెండర్లు మీద పడినా కదలడు, భుజంతో తోసుకుని పోతాడు" అని వివరించాడు.

నడుముకి బెల్టు కట్టుకుని మంచం మీద పడుకున్న మా అమ్మ, "ఒళ్లు పెట్టి అంటే కూలోడేటి?" అని అడిగింది. వాడు పడీ పడీ నవ్వాడు. "కాదు నాయనమ్మా, ఈయనకి కోట్లిచ్చారు" అన్నాడు. అమ్మ కాసేపాగి, "ఒళ్లు పెట్టినందుకేనా?" అంది.

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. సాహిత్యంలో స్త్రీ దేహం గురించి పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నదాన్ని. దేహాన్ని అందంగా, కోరికగా, గాయంగా, మాతృత్వంగా, నిషేధంగా చదవడం నేర్చుకున్నాను. దేహాన్ని బలంగా చదవడం మాత్రం నాకెవరూ నేర్పలేదు, నేనూ నేర్చుకోలేదు. మా సిద్ధాంత గ్రంథాల్లో ఎక్కడా నడుం నొప్పి లేదు. ఈ వ్యాసం ఆ లోటు నుంచి పుట్టింది.

షియరర్ కథ ముందుగా చెప్పుకుందాం. 1970లో న్యూకాసిల్ దగ్గర గోస్‌ఫోర్త్‌లో పుట్టాడు. తండ్రి రేకుల పని చేసే కార్మికుడు. 1988లో సౌతాంప్టన్ క్లబ్బులో మొదలై, 1992లో బ్లాక్‌బర్న్‌కి వెళ్లాడు. ఆ డిసెంబరులోనే మోకాలి లిగమెంటు తెగి, మిగిలిన సీజనంతా ఆటకి దూరమయ్యాడు. క్లబ్బు ఆగింది, వైద్యం చేయించింది. 1994-95లో ఆయన 34 లీగు గోల్స్ చేశాడు, బ్లాక్‌బర్న్ ఛాంపియన్ అయింది. 1996 జూలైలో న్యూకాసిల్ ఆయన్ని కోటీ యాభై లక్షల పౌండ్లకి కొనుక్కుంది. అప్పటికి ప్రపంచంలో ఏ ఫుట్‌బాల్ ఆటగాడికీ అంత ధర పలకలేదు. 2006లో ఆట మానేనాటికి ప్రీమియర్ లీగులో 260 గోల్స్ ఆయన పేరు మీద ఉన్నాయి. ఆ రికార్డు ఇప్పటికీ చెరగలేదు. 2016లో న్యూకాసిల్ స్టేడియం బయట విగ్రహం పెట్టారు.

ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. కార్మికుడి కొడుకు దేహబలానికి అంత విలువ దక్కడం మంచిదే. నేను గమనించింది వేరు. ఆ దేహం చేసిన ప్రతి పనికీ లెక్క ఉంది. ఆ దేహం దెబ్బతిన్న రోజుకీ లెక్క ఉంది. దాన్ని మోయడానికి క్లబ్బు అనే ఒక వ్యవస్థ ఉంది. మగవాడి బలాన్ని 'కెరీర్'గా మార్చేది కండ ఒక్కటే కాదు, ఆ కండ చుట్టూ ఉండే చిట్టాపద్దులు కూడా.

మా ప్రాంతంలో బలం మాట ఎత్తితే ముందు వచ్చే పేరు కోడి రామ్మూర్తి నాయుడు. వీరఘట్టంలో పుట్టాడు. ఆ ఊరు మొన్నటిదాకా శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. విజయనగరంలో వ్యాయామం నేర్చుకుని, నేర్పి, తర్వాత సర్కస్ కంపెనీ పెట్టి దేశదేశాలు తిరిగాడు. గుండెల మీద ఏనుగుని ఎక్కించుకోవడం, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసుల్ని తెంచడం, కదలబోయే మోటారు కార్లని ఆపడం, ఇవన్నీ మా చిన్నప్పుడు అన్నం తినిపిస్తూ చెప్పిన కథలు. కలియుగ భీముడన్నారు. 1942లో పోయాడు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే. విశాఖ బీచిలో విగ్రహముంది.

ఆ కథలో ప్రతిసారీ వచ్చే మాట బ్రహ్మచర్యం. తాలింఖానా సంప్రదాయమే అలాంటిది. గోడ మీద ఆంజనేయుడి పటం, నేల మీద మట్టి గోదా, గుమ్మం దాటి ఆడమనిషి రాకూడదు. ఆడదాని నీడ పడితే బలం పోతుందన్న నమ్మకం. అంటే మా ప్రాంతపు బలం చరిత్ర మొదలయిందే స్త్రీని గుమ్మం బయట నిలబెట్టి. ఇక విజయనగరానికే చెందిన మరో క్రీడా ప్రముఖుడు మహరాజ్‌కుమార్ 'విజ్జీ'. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకి నాయకుడు. ఆడిన మూడు టెస్టుల్లో చేసినవి మొత్తం 33 పరుగులు. వంశం ఉంటే బలం కూడా అక్కర్లేదన్నమాట. ఒకరికి కండ, ఒకరికి కోట. ఈ రెండూ లేనివాళ్ల సంగతి చరిత్ర పుస్తకాల్లో వెతికితే దొరకదు.

ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. అక్కడే పెరిగింది కరణం మల్లీశ్వరి. 1975లో పుట్టింది. తండ్రి మనోహర్ రైల్వే రక్షణ దళంలో కానిస్టేబులు. తల్లి శ్యామల. ఇంట్లో అందరూ ఆడపిల్లలే. ఊళ్లో బరువులెత్తడం నేర్పుతున్నది నీలంశెట్టి అప్పన్న. అక్క నరసమ్మ అప్పటికే అక్కడ సాధన చేస్తోంది. అక్క వెనకాల వెళ్లిన మల్లీశ్వరికి పన్నెండేళ్లు. బక్కపలచగా ఉంది, ఈ పిల్ల వల్ల కాదన్నారు. ఈ తిరస్కారం గురించీ, ఆ రోజు తల్లి అండగా నిలబడటం గురించీ మల్లీశ్వరి తర్వాత ఎన్నోసార్లు చెప్పింది. వాళ్లు కాదన్నది నువ్వు చేసి చూపించు అన్నది ఆ తల్లి మాటల సారం.

ఈ దృశ్యం దగ్గర కాస్త ఆగాలనిపిస్తుంది నాకు. ఆ రోజుల్లో ఇంటినిండా ఆడపిల్లలున్న కానిస్టేబులు భార్యకి ఊరు ఏం చెప్పి ఉంటుందో మనలో ఎవరికైనా తెలుసు. బరువులెత్తితే గర్భసంచి జారిపోతుందని, మగరాయుడిలా తయారైతే ఎవడు చేసుకుంటాడని. ఆ మాటల్ని భరిస్తూ, వచ్చిన జీతంలోనే పిల్లల సాధనకి తగిన తిండి చూస్తూ, కూతుళ్లని ఇనుప బరువుల దగ్గరికి పంపిందామె. షియరర్‌కి క్లబ్బు చేసిన పని ఇక్కడ ఒక తల్లి చేసింది. వైద్యం, తిండి, ధైర్యం, కాపలా, అన్నీ ఒక మనిషే. క్లబ్బుకి చిట్టాపద్దులుంటాయి, తల్లికి ఉండవు.

1990లో జాతీయ శిబిరం దాకా వెళ్లింది మల్లీశ్వరి. అక్కడ నుంచి ఆమె ఎదుగుదల ఆశ్చర్యం కలిగిస్తుంది. 1993లో మెల్‌బోర్న్ ప్రపంచ పోటీల్లో 54 కిలోల తరగతిలో కాంస్యం. 1994లో ఇస్తాంబుల్‌లో బంగారం. అదే ఏడు హిరోషిమా ఏషియన్ గేమ్స్‌లో వెండి. 1995లో చైనాలోని గ్వాంగ్‌జౌలో మళ్లీ ప్రపంచ బంగారం. ఇరవయ్యేళ్లకి రెండుసార్లు ప్రపంచ విజేత.

మరి ఆ మరుసటి ఏడు? 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కి ఆమె వెళ్లలేదు. వెళ్లే వీలే లేదు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి బరువులెత్తే పోటీ లేదు. మగవాళ్లకి 1896లో, మొట్టమొదటి ఆధునిక ఒలింపిక్స్‌లోనే ఉంది. ఆడవాళ్ల ప్రపంచ పోటీలు మొదలయిందే 1987లో. ఒలింపిక్స్ తలుపు తెరుచుకున్నది 2000లో. మధ్యలో నూట నాలుగేళ్లు. షియరర్ దేహానికి ప్రపంచ రికార్డు ధర పలికిన 1996 వేసవిలో, తన తరగతిలో అప్పటికి రెండుసార్లు ప్రపంచ విజేత అయిన ఒక తెలుగమ్మాయికి పోటీలో నిలబడటానికి చోటే లేదు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూసేదాకా ఆ నూట నాలుగేళ్ల బరువెంతో నాకు అర్థం కాలేదు.

నాలుగేళ్లు ఆగాక చోటు దొరికింది. ఈలోగా 1997లో పెళ్లయింది. భర్త రాజేశ్ త్యాగి కూడా వెయిట్‌లిఫ్టరే. హర్యానాలోని యమునానగర్ వాళ్లు. 1998 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో 63 కిలోల తరగతిలో వెండి తెచ్చింది. సిడ్నీకి 69 కిలోల తరగతిలో ఎంపికైంది. అప్పుడు మొదలయింది విమర్శ. మణిపూర్ లిఫ్టర్ కుంజరాణీదేవిని కాదని ఈమెని పంపడమేమిటన్నారు. ఎంపిక మీద చర్చ న్యాయమే. కాని ఆ చర్చ ఎక్కువగా మల్లీశ్వరి ఒంటి మీదికి పోయింది. లావెక్కింది, ఆమె పని అయిపోయింది అన్నారు. బరువులెత్తే మనిషి బరువు పెరగడం తప్పు ఎలా అవుతుంది? తరగతి మారితే ఒంటి బరువు మారుతుంది. అది ఈ క్రీడ నియమం. మగవాడి ఒంట్లో పెరిగితే కండ, ఆడదాని ఒంట్లో పెరిగితే కొవ్వు. మా మేనల్లుడు మెచ్చుకోలుగా వాడిన 'ఫిజికల్' అన్న మాట ఆడదాని దగ్గరికి వచ్చేసరికి ఎగతాళి అవుతుంది.

2000 సెప్టెంబరు 19. స్నాచ్‌లో, అంటే కడ్డీని నేల మీద నుంచి ఒకే ఊపున తలపైకి ఎత్తడంలో, 110 కిలోలు. క్లీన్ అండ్ జెర్క్‌లో, అంటే ముందు భుజాలకి తెచ్చుకుని తర్వాత పైకి నెట్టడంలో, 130 కిలోలు. మొత్తం 240. చైనాకి చెందిన లిన్ వైనింగ్, హంగరీకి చెందిన ఎర్జెబెత్ మార్కుష్ ఇద్దరూ 242.5 కిలోలు ఎత్తారు. ఒంటి బరువు తక్కువున్న లిన్‌కి బంగారం వెళ్లింది. మల్లీశ్వరికి కాంస్యం. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. ఆ ఏడు సిడ్నీ నుంచి మన దేశానికి వచ్చిన ఒకే ఒక్క పతకం అదే.

చివరి ప్రయత్నంలో ఆమె 137.5 కిలోలు అడిగింది. అది లేచి ఉంటే మొత్తం 247.5, బంగారం ఆమెదే. లేవలేదు. కాంస్యం కన్నా నాకు ఆ అడగడమే ఎక్కువ గుర్తు. చేతిలో పతకం ఉండగా, అంతకుముందు ఎత్తినదానికన్నా ఏడున్నర కిలోలు ఎక్కువ అడిగిన ఆడమనిషి. ఉన్నదానితో తృప్తిపడమని ఉగ్గుపాలతో నేర్పే సమాజంలో అది చిన్న విషయం కాదు.

అప్పుడు నేను ఐదో తరగతి. ఆ సాయంత్రం దూరదర్శన్ వార్తల్లో చూపించారు. పక్కింటివాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. మా మామ్మ, అంటే మా నాన్న తల్లి, గుమ్మం దగ్గర కూర్చుని చూస్తూ, "ఆ గుంట ఎవులే?" అని అడిగింది. మన సికాకుళం పిల్లే అన్నారు ఎవరో. "ఏటి మోస్తంది?" "ఇనుము మామ్మా." "మోసి ఎక్కడ దించాలి?" "ఎక్కడా దించక్కర్లేదు, పైకెత్తి ఒక్క చణం నిలబడితే చాలు." మామ్మకి నమ్మకం కుదర్లేదు. "నిలబడితే పతకం ఇచ్చేత్తారేటి? మరి మనకెవులిచ్చినారు?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

మామ్మ ఆ రోజు హాస్యమాడలేదు. ఆమె అడిగింది చరిత్రకారులు అడగవలసిన ప్రశ్న. మా ఊళ్లో ఆడవాళ్లు బరువెత్తని రోజు లేదు. వరిమోపు, గడ్డిమోపు, కట్టెలమోపు, పెంట గంప, నీళ్ల బిందె మీద బిందె, చంకలో పిల్ల. నెత్తి మీద చుట్టకుదురు పెట్టుకుని గట్ల మీద నడిచే ఆ నడకకి ఏ తాలింఖానాలో శిక్షణ ఇస్తారు? అడుగు తప్పితే మోపుతో పాటు మనిషీ పొలంలో పడుతుంది. అది బలం, నిలకడ, ఊపిరి మీద అదుపు. మల్లీశ్వరి చేసినదానికి కావలసినవి కూడా అవే. తేడా ఒక్కటే. ఆమె ఎత్తిన ఇనుప బిళ్లల మీద అంకె రాసి ఉంది. మామ్మ ఎత్తిన మోపు మీద ఏ అంకే లేదు.

అందుకే మల్లీశ్వరి విజయాన్ని 'ఆడది కూడా బరువెత్తగలదని నిరూపించింది' అని రాయడం నాకు ఒప్పుదల కాదు. అది ఎవరికి నిరూపించాలి? ఆడవాళ్లు మోస్తూంటే పక్కన ఖాళీ చేతులతో నడిచినవాళ్లకా? ఆడది బరువెత్తడం కొత్త కాదు. ఎత్తిన బరువుని ఆమె పేరు మీద రాయడం కొత్త. 110, 130, 240. ఆ మూడు అంకెలు ఉత్తరాంధ్ర స్త్రీ శ్రమ మీద ప్రపంచం మొదటిసారి వేసిన తూకం.

మణిపూర్‌లోనూ ఇదే కథ. 2021లో టోక్యోలో 49 కిలోల తరగతిలో వెండి గెలిచిన మీరాబాయి చాను చిన్నతనంలో అన్న ఎత్తలేకపోయిన కట్టెలమోపు ఎత్తి ఇంటికి తెచ్చిందన్న సంగతి పత్రికలన్నీ ముచ్చటగా రాశాయి. ఆ మోపు ఆమె బలానికి తొలి గుర్తుగా కథలోకి వచ్చింది. పతకం రాకపోయి ఉంటే అది ఇంటి పనిగానే మిగిలిపోయేది.

సిడ్నీ తర్వాత మల్లీశ్వరి జీవితం చూస్తే క్లబ్బు లేకపోవడం అంటే ఏమిటో ఇంకా బాగా తెలుస్తుంది. 2001లో కొడుకు పుట్టాడు. 2002 కామన్వెల్త్ పోటీలతో మళ్లీ బరిలోకి రావాలనుకుంది. తండ్రి పోయాడు, ఆగిపోయింది. 2004 ఏథెన్స్‌కి వెళ్లింది. నడుం దెబ్బ తిరగబెట్టింది, పోటీ పూర్తి కాలేదు. అంతటితో ఆట ముగిసింది. తల్లినీ అక్కనీ ఇచ్చిన కుటుంబమే, కూతురిగా, తల్లిగా ఆమెకి ఉన్న బాధ్యతల్నీ ఇచ్చింది. ఎత్తిన చేయీ అదే, పట్టి ఆపిన చేయీ అదే. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. ఒక వ్యవస్థ చేయవలసిన పనిని ఒక ఇల్లు చేస్తున్నప్పుడు జరిగేది ఇదే. షియరర్ మోకాలు తెగితే ఆయన స్థానం ఆయన కోసం ఆగింది. మల్లీశ్వరి ప్రసవానికి, తండ్రి చావుకి, నడుముకి ఎవరు ఆగాలి?

ఆమె ఉద్యోగం చేసింది భారత ఆహార సంస్థలో. బియ్యం, గోధుమల బస్తాల మీద నడిచే సంస్థ. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి మొదటి ఉపకులపతిగా నియమించారు. ఒకప్పుడు బక్కపిల్ల అని వెనక్కి పంపబోయిన మనిషి ఒక విశ్వవిద్యాలయపు గుమ్మం దగ్గర నిలబడి, ఎవరు లోపలికి రావాలో నిర్ణయించే చోటికి చేరింది. యమునానగర్‌లో పిల్లలకి శిక్షణ కూడా ఇప్పించింది. ఆ శిక్షణ మన దగ్గర కాక హర్యానాలో జరగడం గురించి మనం ఆమెని కాదు, మనల్ని అడగాలి.

అలాగని మన దగ్గర ఏమీ మిగలలేదనుకోకూడదు. మా ఊరికి దగ్గర్లోనే కొండవెలగాడ ఉంది. బరువులెత్తేవాళ్ల ఊరని దానికి పేరు. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ పోటీల్లో 53 కిలోల తరగతిలో మొత్తం 188 కిలోలు ఎత్తింది. ముందు కాంస్యం ఇచ్చారు. మొదటి స్థానంలో నిలిచిన నైజీరియా అమ్మాయి మందు పరీక్షలో దొరకడంతో అది వెండి అయింది. ఊసవానిపేట నుంచి కొండవెలగాడ దాకా ఒక దారి పడిందనే అనుకుంటున్నాను. ఆ దారిలో కోడి రామ్మూర్తి పేరున్న స్టేడియం ఉంది, శిక్షకుల పేర్లున్నాయి. తల్లుల పేర్లే ఇంకా పడలేదు.

మళ్లీ మా అమ్మ దగ్గరికి వస్తాను. పండగ వెళ్లాక ఆమెని విశాఖలో డాక్టరుకి చూపించాం. ఎక్స్‌రే చూసి, వెన్నుపూసలు బాగా అరిగిపోయాయన్నాడాయన. "ఏం పని చేసేవారమ్మా?" అని అడిగాడు. అమ్మ తడుముకోకుండా, "ఏటీ లేదు బాబూ, ఇంటికాడే" అంది. పక్కనే నిలబడిన నేను, స్త్రీల శ్రమ గురించి సెమినార్లలో పేపర్లు చదివిన నేను, ఏమీ అనలేకపోయాను. ముప్పయ్యేళ్లు కళ్లానికి మోపులు మోసిన మనిషి 'ఏటీ లేదు' అంటోంది. ఎదురుగా దీపం పెట్టిన గాజు పలక మీద ఆ మోపులన్నీ కనపడుతున్నాయి. అరిగిన ఎముకలో రాసి ఉన్న లెక్క అది.

తిరిగొస్తూ బస్సులో అడిగాను, వరిమోపు ఎంత బరువుండేదమ్మా అని. "ఎవులు తూసినారే?" అంది. కాసేపయ్యాక తనే, "మీ నాన ఎత్తి నెత్తిన పెట్టేవోడు. ఆడొక్కడూ పైకెత్తలేక ఇంకొకర్ని పిలిచేవోడు. ఇద్దరు మగోళ్లు ఎత్తింది నేనొక్కర్తినీ మోసేదాన్ని" అంది. చెప్పి కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. ఆమె గొంతులో ఫిర్యాదు లేదు. కొంచెం గర్వం ఉంది. ఆ గర్వాన్ని నేను ముప్పయ్యేళ్లు దాటాక, మొదటిసారి విన్నాను.

ఆ రోజు నుంచి ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. ఊరెళ్లినప్పుడల్లా ఆడవాళ్లని అడిగి రాస్తున్నాను. ఏం మోసేవారు, ఎంత దూరం, రోజుకి ఎన్నిసార్లు, కడుపుతో ఉన్నప్పుడు ఎన్నో నెల దాకా, ఎత్తి నెత్తిన పెట్టింది ఎవరు, దించింది ఎవరు. మొదట నవ్వుతారు. తర్వాత ఒకరిని మించి ఒకరు చెబుతారు. మీ ఇళ్లలోనూ అడగమని కోరుతున్నాను. మొదటి జవాబు 'ఏమీ లేదు' అనే వస్తుంది. ఇంకోసారి అడగండి.